గోల్ తక్కువ, గోల ఎక్కువ

ఫుట్‌బాల్ అభిమాని ఎన్నడూ ఓడిపోడు. జట్టు గెలిస్తే ‘మనం గెలిచాం’ అంటాడు, ఓడితే ‘వాళ్లు ఓడిపోయారు’ అంటాడు. ఉత్తమ పురుషలోంచి ప్రథమ పురుషలోకి ఇంత వేగంగా దూకగలవాడు వ్యాకరణ పండితుల్లో కూడా లేడు.

హైదరాబాద్ మియాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఇలాంటి అభిమాని కనీసం ఒకడు ఉంటాడు. ఆయన జట్టు ఉండేది మాంచెస్టర్‌లోనో, మాడ్రిడ్‌లోనో. అక్కడ వాన పడితే ఇక్కడ ఈయనకు జలుబు చేస్తుంది. చాంపియన్స్ లీగ్ ఉన్న రోజుల్లో రాత్రి ఒంటిగంటన్నరకు టీవీ పెట్టి, తెల్లారుజామున నాలుగింటికి రిఫరీని తిట్టి పడుకుంటాడు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. ఎవరి నిద్ర వాళ్లిష్టం. పొద్దున లిఫ్టులో కనబడినప్పుడే చిక్కు. మూడో అంతస్తు నుంచి సెల్లార్‌కు దిగేలోపు దేశంలో ఆటలు ఎలా బాగుపడాలో, పెన్షన్లు ఎందుకు ఎత్తేయాలో, గేటు దగ్గర భద్రత ఎలా ఉండాలో మూడు తీర్పులు వచ్చేస్తాయి. మూడింటికీ మూలసూత్రం ఒక్కటే: ముందుకు ఉరకాలి, వెనక కాపలా శుద్ధ దండగ.

మొదటి తీర్పు ఆట గురించి. “మనదగ్గర ఫుట్‌బాల్ ఎక్కడిది బాస్? ఎప్పుడూ లేదు, ఇక రాదు.” ఈ మాట అంటున్న మనిషి నిలబడి ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీమ్ పుట్టి పెరిగిన ఊళ్లో. రహీమ్ సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. మన అభిమానిని బలరాం ఎవరని అడగండి. కృష్ణుడి అన్నగారని చెబుతాడు.

ఈయన దృష్టిలో ఆటంటే గోల్ కొట్టేవాడు. డిఫెండర్లు వాడి వెనక నిలబడే జనాభా. గోల్‌కీపరంటే తప్పు చేసినప్పుడు తిట్టడానికి పనికొచ్చే మనిషి. ఈ సిద్ధాంతాన్ని 1962 సెప్టెంబరు 4న జకార్తాలో పరీక్షకు పెట్టారు. ఆసియా క్రీడల ఫైనల్, ఎదురుగా దక్షిణ కొరియా, స్టేడియం నిండా మన జట్టు మీద కోపంగా ఉన్న జనం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఫ్లూ నుంచి లేచి వచ్చి పోస్టుల మధ్య నిలబడ్డాడు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడి ఉన్నాయి. రహీమ్ సాబ్ అతణ్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. మనం 2-1తో గెలిచాం. రెండు గోల్స్‌లో ఒకటి పి.కె. బెనర్జీది, రెండోది తలకు కట్టు కట్టుకున్న ఆ డిఫెండర్‌ది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీమ్ మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశాడు. భారత ఫుట్‌బాల్‌కు దొరికిన అతి పెద్ద విజయం జనాభా లెక్కలో పోయే మనుషులు తెచ్చిందేనన్నమాట.

అదంతా పాత పురాణం అంటారా? 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ 1-1తో సమంగా నిలిచి పెనాల్టీలకు వెళ్లాయి. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి మన నగరానికి కప్పు తెచ్చిపెట్టాడు. ఆ రాత్రి మన అభిమాని ఇంగ్లండ్ క్లబ్బుల బదిలీల పుకార్లు చదువుకుంటున్నాడు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఆ కబురు ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా ఎవరినీ అడగలేదు. కానీ అదే ఏడాది డిసెంబరులో మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చినప్పుడు మాత్రం మొహానికి రంగు పూసుకుని బయల్దేరాడు. ఫుట్‌బాల్ దేవుడు వచ్చి దర్శనమిచ్చింది క్రికెట్ మైదానంలో. ఊళ్లో ఆడే జట్టును వెళ్లగొట్టి, ఊరేగింపుకొచ్చిన దేవుడికి హారతి పట్టడాన్ని మన అభిమాని క్రీడాభివృద్ధి అంటాడు.

రెండో తీర్పు పెన్షన్ల గురించి. “పెన్షన్ అనేది సోమరిపోతులకిచ్చే లంచం సార్. అరవై రెండేళ్లొచ్చినా కుర్చీ వదలని ఉద్యోగులు, నెల తిరిగేసరికి చెయ్యి చాచే ముసలివాళ్లు, వీళ్లందరినీ నా ట్యాక్స్‌తో పోషించాలా?” రొనాల్డో నలభై దాటాక కూడా ఆడుతుంటే మాత్రం ఈయనకు కళ్లు చెమరుస్తాయి, వయసు ఒట్టి అంకె మాత్రమే అంటాడు. అంకె కాకుండా పోయేది సర్కారు బళ్లో పాఠాలు చెప్పిన పంతులు దగ్గరే.

ఈ ఉపన్యాసం ఇచ్చే మనిషి ఫ్లాటుకు డౌన్ పేమెంట్ ఎక్కణ్నుంచి వచ్చిందో అడగరాదు. అయినా చెబుతాను. రిటైరైన ఉపాధ్యాయుడైన ఆయన తండ్రిగారి గ్రాట్యుటీ అది. ఇప్పటికీ నెలనెలా కరువు భత్యంతో కలిపి వచ్చే ఆయన పాత పెన్షనే ఆ ఇంటి పాలు, కూరగాయలు, మనవడి స్కూలు బస్సు. 2004 సెప్టెంబరు నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగంలో చేరినవాళ్లకు ఆ భాగ్యం లేదు, వాళ్లు కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సీపీఎస్) కింద మార్కెట్ దయకు వదిలేయబడ్డారు. తండ్రి వెనక నిలబడి కాపాడుతున్నాడు కాబట్టే కొడుకు ముందుకు ఉరుకుతున్నాడు.

ఎటు ఉరుకుతున్నాడంటారా? ఆప్షన్స్ ట్రేడింగ్ వైపు. “వృద్ధాప్యానికి నా ప్లాన్ ఫుల్ అటాక్!” అంటాడు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు తీసి సెబీ ఒక అధ్యయనం విడుదల చేసింది. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ఆడిన చిన్న మదుపరుల్లో నూటికి 93 మంది నష్టపోయారని అందులో ఉంది. వందలో 93 పెనాల్టీలు బయటికి తన్నే ఆటగాణ్ని ఏ క్లబ్బూ ఉంచుకోదు. తన ముసలితనాన్ని మాత్రం మన అభిమాని అలాంటి ఆటగాడి కాళ్ల దగ్గరే పెట్టాడు.

ఆయనకు కంటగింపుగా ఉన్న ‘ఉచితాలు’ ఎంతో చూద్దాం. జాతీయ వృద్ధాప్య పెన్షన్‌లో కేంద్రం వాటా నెలకు 200 రూపాయలు, 80 ఏళ్లు దాటితే 500. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం తన డబ్బు కలిపి 2024 జులై నుంచి 4,000 ఇస్తోంది. తెలంగాణలో ఆసరా కింద 2,016గా ఉన్నదాన్ని 4,000 చేస్తామని 2023 ఎన్నికల్లో హామీ ఇచ్చారు. ఇక జీవితమంతా ఫ్యాక్టరీల్లో, షాపుల్లో పనిచేసి పీఎఫ్ కట్టినవాళ్ల సంగతి. ఈపీఎస్-95 కింద వాళ్ల కనీస పెన్షన్ వెయ్యి రూపాయలని 2014లో నిర్ణయించారు. జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునే గరిష్ఠ మొత్తం 15,000. దాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. అంటే ఆ పరిమితిలో 35 ఏళ్లు చెమటోడ్చినవాడికి చేతికొచ్చేది నెలకు 7,500. సోమరిపోతులకిచ్చే లంచం ఇదే అయితే, లంచాల చరిత్రలో ఇంత చౌక బేరం ఇంకెక్కడా జరగలేదు. వెయ్యి రూపాయల పెన్షన్‌దారు మన అభిమాని వేసుకునే ఒరిజినల్ జెర్సీ కొనాలంటే కొన్ని నెలలు అన్నం మానేయాలి.

ఆటగాళ్ల పెన్షన్ సంగతి ఎత్తితే అభిమాని ఇంకా ఇబ్బందిపడతాడు. క్రికెట్ బోర్డు 2022లో మాజీ ఫస్ట్‌క్లాస్ ఆటగాళ్ల పెన్షన్‌ను 15,000 నుంచి 30,000కు పెంచింది. బోర్డుకు డబ్బుంది, ఇచ్చింది, మంచిదే. కేంద్ర ప్రభుత్వం క్రీడాకారులకిచ్చే పెన్షన్ పతకాన్ని చూసి ఇచ్చేది. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి పతకం ఉండదు. భారత ఫుట్‌బాల్ ఇంతవరకూ ఎక్కిన అతి ఎత్తయిన మెట్టు ఆ లెక్కలో పైసా పలకదు.

మూడో తీర్పు ఇంటి భద్రత గురించి. ఈ విషయంలో ఆయన నిపుణుడు. గుమ్మం మీద దిష్టి గుమ్మడికాయ, తలుపు మీద ‘కుక్కలున్నవి జాగ్రత్త’ బోర్డు. ఇంట్లో కుక్క మాత్రం లేదు. వీడియో డోర్‌బెల్ ఒకటి, బాల్కనీ నుంచి వంటగది దాకా సీసీ కెమెరాలు ఎనిమిది. వీటిలో రెండింటి వైర్లు ఎప్పుడో తెగాయి. మూడోది పావురం గూటిని ఇరవైనాలుగు గంటలూ రికార్డు చేస్తోంది. డీవీఆర్ నిండిపోయి ఎంతకాలమైందో తెలియదు. పాస్‌వర్డ్ కంపెనీ పెట్టిచ్చిందే, మార్చలేదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఇలా పాస్‌వర్డ్ మార్చని ఇంటి కెమెరాల్ని, రౌటర్లని లక్షల సంఖ్యలో వశం చేసుకుని, ఆ సైన్యంతోనే పెద్దపెద్ద వెబ్‌సైట్లను కొన్ని గంటలపాటు పడగొట్టింది. దొంగను పట్టాల్సిన కెమెరా దొంగల ముఠాలో చేరిందన్నమాట.

అసలు ఈ విషయంలో ఆటే ఆయనకు పాఠం చెప్పింది, వినలేదు. 2022 ప్రపంచకప్ జరుగుతుండగా ఇంగ్లండ్ ఆటగాడు రహీమ్ స్టెర్లింగ్ ఇంట్లో చోరీ జరిగిందన్న కబురుతో ఖతార్ నుంచి ఇంటికి పరుగెత్తాడు. 2023 డిసెంబరులో మాంచెస్టర్ సిటీ బయట ఊళ్లో మ్యాచ్ ఆడుతుండగా జాక్ గ్రీలిష్ ఇంట్లో దొంగలు పడ్డారు. ఆటగాడు ఇంట్లో ఉండని రోజు ఏదో దొంగకు ముందే తెలుసు, మ్యాచ్‌ల షెడ్యూలు ప్రపంచమంతా చదువుతుంది కదా. ఆ వార్తలకు కన్నీరు పెట్టుకున్న మన అభిమాని సంక్రాంతికి ఏం చేస్తాడు? “ఫ్యామిలీతో భీమవరం, అయిదు రోజులు, కోడిపందేలు లోడింగ్” అని వాట్సాప్ స్టేటస్ పెట్టి మరీ తాళం వేస్తాడు. తన షెడ్యూలు తనే విడుదల చేస్తాడు. ఊరెళ్తున్నామని చెబితే ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ కింద తాళం వేసిన ఇంట్లో ఉచితంగా కెమెరా పెట్టి నిఘా ఉంచుతారు. తెలంగాణలోనూ పండగ ముందు స్టేషన్‌లో చెప్పి వెళ్లమని పోలీసులు ప్రతి ఏడూ మొత్తుకుంటారు. ఉచితమైనా ఈయనకు అది రుచించదు. స్టేటస్‌కు లైకులొస్తాయి, స్టేషన్‌లో రావు.

ఇన్ని చేసి, ఎవరి బైకు పోయినా తప్పు మాత్రం కింద ఉన్న వాచ్‌మన్‌ది.

“రాత్రంతా ఏం చేస్తున్నావ్? నిద్రపోయావా?”

“పొద్దుగాల కార్లు కడిగిన, మోటరు ఏసిన, చెత్త దించిన. రాత్రి గేటు కాడ్నే కూసున్న సార్. నడుమ జర కన్నంటింది.”

“అందుకే మన దేశం ఇలా ఉంది!”

మైదానంలో గోల్‌కీపర్‌కు తొంభై నిమిషాల డ్యూటీ, ముందు పదిమంది తోడు, దెబ్బ తగిలితే బెంచీ మీద ఇంకొకడు సిద్ధం. సెల్లార్‌లో మెట్ల కింద గదిలో ఉండే పాలమూరు మనిషికి పగలూ రాత్రీ ఒకటే డ్యూటీ, బెంచీ మీద ఎవరూ లేరు. వారానికో సెలవన్న మాట అసోసియేషన్ మీటింగులో ఎవరి నోటా రాదు. పీఎఫ్ చట్టం వర్తించాలంటే కనీసం 20 మంది పనివాళ్లుండాలి, అపార్ట్‌మెంట్‌కు ఉన్నది ఒక్కడు. చట్టానికి కనబడనంత చిన్నవాడు, నింద మోయడానికి మాత్రం సరిపోయినంత పెద్దవాడు. కెమెరాల కోసం ఫ్లాటుకు రెండేసి వేలు వసూలు చేసినప్పుడు ఎవరూ నోరెత్తలేదు. వాచ్‌మన్ జీతం అయిదు వందలు పెంచుదామంటే మాత్రం రెండున్నర గంటలు చర్చించి, మ్యాచ్ టైమైందని వాయిదా వేశారు.

ఈ మూడు తీర్పుల్లోనూ ఒకే మనిషికి అన్యాయం జరుగుతోంది. జకార్తాలో జ్వరంతో పోస్టుల మధ్య నిలబడ్డ వాడు, ముప్పై అయిదేళ్లు పనిచేసి పెన్షన్ కోసం బ్యాంకు దగ్గర నిలబడ్డ వాడు, రాత్రంతా గేటు దగ్గర నిలబడ్డ వాడు, ముగ్గురూ వెనక ఉండి కాపాడేవాళ్లే. స్కోరు బోర్డు మీద వాళ్ల పేర్లు రావు. రావు కాబట్టి వాళ్లు దండగని తేల్చడం అజ్ఞానం. వాళ్ల కాపలా మీద బతుకుతూ ఆ మాట అనడం కృతఘ్నత.

అభిమానిగారూ, మీ జట్టు మీద మాకు కోపం లేదు. రాత్రి ఒంటిగంటన్నరకు హాయిగా చూసుకోండి. పొద్దున లేచాక రెండు పనులు చేయండి చాలు. ముందు ఆ కెమెరా పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత మీ వాచ్‌మన్ వయసు అడగండి. నలభై లోపైతే ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ పథకంలో చేర్పించవచ్చు. నెలకు కట్టాల్సింది వయసును బట్టి 55 నుంచి 200 రూపాయలు, అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది, అరవై నిండాక నెలకు 3,000 వస్తుంది. ఆ కంతు అపార్ట్‌మెంట్ అసోసియేషనే కట్టాలని వచ్చే మీటింగులో ప్రతిపాదించండి. ముప్పై ఫ్లాట్లున్న చోట ఇంటికి ఏడు రూపాయలు కూడా పడదు.