అక్షాంశాల బావగారు

మా బావగారు ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించరు, గేటుని తడుముతారు. గొళ్ళెం కింద, గోడ మూల, మీటరు బాక్సు వెనక చెయ్యి పెట్టి చూసి, ఏమీ తగలకపోతే అప్పుడు "బాగున్నారా" అంటారు. బందరులో ఆయన్ని ఎరిగినవాళ్ళు అలవాటు పడిపోయారు. కొత్తవాళ్ళు మాత్రం కరెంటాఫీసు మనిషనుకుని బిల్లు కట్టిన రసీదు తెచ్చి చూపిస్తారు.

ఈ జబ్బు ఆయనకి సియాటిల్‌లో అంటుకుంది. రిటైరయ్యాక కొడుకు దగ్గరికి ఆర్నెల్లు వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడి రోడ్లు అద్దంలా ఉంటాయనో, పక్కింటివాడు పలకడనో చెబుతారు. ఈయన జియోకాషింగ్ పట్టుకొచ్చారు. ఎవరో ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెడతారు. ఇంకెవరో ఫోన్లో జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి, వెతికి పట్టుకుని, లోపలున్న చిట్టిపుస్తకంలో సంతకం పెట్టి, మళ్ళీ అక్కడే దాచేసి వస్తారు. అంతే. నగదు లేదు, బహుమతి లేదు. "మరి దేనికి బావా?" అంటే నా వంక జాలిగా చూస్తారు.

ఆ చూపు తర్వాత ఉపన్యాసం తప్పదు. 2000 మే నెల దాకా అమెరికా సైన్యం మామూలు జనానికందే జీపీఎస్‌ని కావాలనే తప్పుల తడకగా ఉంచేదట. క్లింటన్ ఆ అడ్డు తీయించీ తీయించగానే, మే 3న, ఆరిగన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన నల్లటి ప్లాస్టిక్ బకెట్లో పుస్తకాలు, చిక్కుడుగింజల డబ్బా, పంగలకర్ర వగైరా పెట్టి అడవిలో దాచి, ఎక్కడుందో అంకెల్లో చెప్పాడు. రోజులు తిరక్కుండానే ఒకాయన వెతికి పట్టేశాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద అలాంటి డబ్బాలు 30 లక్షలకి పైమాటే. "అందులో మన కృష్ణాజిల్లా వాటా ఎంతో తెలుసా?" అని బావగారే అడిగి, బావగారే తలదించుకుంటారు.

ఆ లోటు పూడ్చడానికి ఆయన చేసిన సేవ అంతా ఇంతా కాదు. అక్కయ్య పోపులపెట్టెలో గిన్నెలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఆటకి నియమాలు చాలానే ఉన్నాయి. నేల తవ్వి పాతకూడదు, డబ్బాకీ డబ్బాకీ మధ్య 161 మీటర్ల ఎడం ఉండాలి, తినేవస్తువు పెట్టకూడదు. ఈ చివరిది చదివిన రోజున ఆయనకి అన్నం సహించలేదు. 2017లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న బందరు లడ్డుకి ఒక ప్లాస్టిక్ డబ్బాలో ప్రవేశం లేదా? చివరికి పెడన కలంకారీ ముక్క ఒకటీ, చిలకలపూడి ఉంగరం ఒకటీ పెట్టి సరిపెట్టుకున్నారు. ఉంగరం మూడోనాటికి లేదు. తీసినవాడు బదులుగా ఏదన్నా పెట్టాలని ఆట ధర్మం. పెట్టాడు కూడా, సగం కాల్చిన బీడీ. "నియమం తెలిసినవాడేరా" అని బావగారు మురిసిపోయారు.

అసలు చిక్కు నియమాల్లో లేదు, మనలో ఉంది. ఈ ఆటకి ప్రాణం గుట్టు. ఆడనివాళ్ళ కళ్ళు కప్పి డబ్బా తియ్యాలి. సియాటిల్‌లో ఒక పెద్దమనిషి పొదలో చెయ్యి పెట్టి గంటసేపు కెలికినా దారినపోయేవాడు తల తిప్పడు. మన కోనేరు సెంటరు దాపున తూము మీద వంగి చూడండి.

"ఏం పోయిందండీ?"

"ఏం లేదండీ."

"ఉంగరమా, తాళాలా?"

ఈలోగా ఒకాయన ఫోను లైటు వేస్తాడు. ఇంకొకాయన పోయినేడు తన ఏటీఎం కార్డు ఇక్కడే ఎలా పోయిందో మొదలెడతాడు. సోడాబండి కుర్రాడు చొక్కా విప్పి కాలవలోకి దిగుతాడు. కాస్సేపటికి డబ్బా దొరుకుతుంది, నలుగురూ కలిసి మూత తీస్తారు, చిట్టిపుస్తకమూ పెన్సిలు ముక్కా చూసి, "మీది ఎంతుండాలండీ ఇందులో?" అని నిజాయితీగా అడుగుతారు. బావగారు ఆ రోజు మూత సరిగ్గా ఉందో లేదో చూద్దామని వెళ్ళారంతే.

నాగాయలంక కరకట్ట మీది డబ్బాది ఇంకో కథ. వానాకాలం వెళ్ళాక చూస్తే అందులో పుస్తకం నిండిపోయింది. ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చారా అని ఆశగా విప్పితే, రొయ్యల మేత లెక్క. ఏ రోజు ఎన్ని బస్తాలు, ఏరియేటర్లు ఎన్నింటికి వేశారు, కరెంటు ఎప్పుడు పోయింది, అన్నీ పొందిగ్గా రాసి ఉన్నాయి. పక్క చెరువు కాపలా అతనికి తడవని చోట ఒక పుస్తకం దొరికింది, వాడుకున్నాడు. బావగారు గొడవపడతారనుకున్నాను. కొత్త పుస్తకం పెట్టి వచ్చారు. మొన్న ఆ కాపలా అతనే ఎదురై, "ఈసారి గీతల పుస్తకం పెట్టండి సార్, పెన్సిలు కూడా మొన నిలవట్లేదు" అన్నాడట. గీతల పుస్తకం వెళ్ళింది. చెక్కుడుమర కూడా వెళ్ళింది.

వీళ్ళ సంఘం వేరు, వీళ్ళ భాష వేరు. బంధువుల్ని 'మీవాళ్ళు' అనే బావగారు, జర్మనీలోనో చెక్ దేశంలోనో మారుపేరుతో డబ్బాలు వెతికే మనిషిని 'మావాడు' అంటారు. కలంకారీ చూడ్డానికి వచ్చిన విదేశీ దంపతులెవరో పెడన దారిలో ఈయన డబ్బా తీసి, పుస్తకంలో 'టీఎఫ్‌టీసీ' అని రాసి వెళ్ళారు. దాచినందుకు థాంక్స్ అని. నాలుగక్షరాలు. ఆ కాగితానికి ల్యామినేషన్ చేయించి హాల్లో తగిలించారు. ఆ గోడ మీద అంతకు ముందు నా పెళ్ళిఫోటో ఉండేది. మంగినపూడి బీచిలో సమావేశం పెడితే హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేరు కుర్రాడు సంసారంతో వచ్చాడు. జనం చాలట్లేదని నన్ను గుడివాడ నుంచి ప్యాసింజరెక్కించి తెప్పించారు. ఎండలో నిలబెట్టి సంతకం చేయించుకున్నారు, మరమరాలు కూడా పెట్టించలేదు.

డబ్బా లేని చోట కూడా ఊరుకోరు. పదహారో అక్షాంశమూ ఎనభైయొకటో రేఖాంశమూ కలిసే చోటు ఎక్కడో కాదు, మన దివిసీమలోనే, అవనిగడ్డకి తూర్పున కోడూరు వైపు ఉంది. ఇలాంటి నిండు అంకెల కూడళ్ళకి వెళ్ళి నాలుగు దిక్కులా ఫోటోలు తీసే ఉద్యమాన్ని 1996లో అలెక్స్ జారెట్ అనే అమెరికావాడు మొదలెట్టాడట. వంద మీటర్ల లోపుకి వెళితే లెక్కలోకి వస్తుంది. బావగారికి అది ఆనదు. తెర మీద అన్నీ సున్నాలే కనబడాలి. పులిగడ్డ ఆక్విడక్టు దాటి, నా స్కూటరు మీద, ఊడ్పుల రోజుల్లో వెళ్ళాం. ఆయన గట్టు మీద ఒకడుగు ముందుకి, అరడుగు వెనక్కి, మడమ తిప్పి, మునివేళ్ళ మీద లేచి అంకెల కోసం చిందులు తొక్కుతుంటే నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు పాట ఆపేశారు. కూచిపూడి ఇక్కడికి దగ్గరే అనుకున్నాన్నేను.

రైతు పరుగెత్తుకొచ్చాడు. 2020 డిసెంబరులో ప్రభుత్వం భూముల రీసర్వే మొదలెట్టిన దగ్గర్నుంచీ పొలంలో మిషను పట్టుకు తిరిగే మనిషంటే ఎవరికైనా ఒకటే అర్థం. "రోవర్ తేలేదాండీ? మా గట్టు ఆరంగుళాలు జరిపాడండీ పక్కోడు, రాసుకోండి" అన్నాడు. పక్కోడు కూడా వచ్చాడు. బావగారు అక్షాంశమంటే ఏమిటో వివరించబోయారు. "ఆ గీతెటన్నా పోనీండి, నా గట్టు చెప్పండి" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. వాళ్ళని సర్దిపుచ్చడానికి వచ్చిన ముసలాయన, 1977 నవంబరు ఉప్పెన వెళ్ళాక గట్టేదో చేనేదో తెలియలేదనీ, మిగిలిన తాడిచెట్లని బట్టి ఎవరిది వాళ్ళు పోల్చుకున్నారనీ చెప్పాడు. బావగారు ఫోను జేబులో పెట్టేశారు. ఆయనకి కాస్త బుద్ధి వచ్చిందనుకున్నాను. ముసలాయన అటు తిరగ్గానే మళ్ళీ తీశారు.

వెనక్కి వచ్చేటప్పుడు దారి పొడుగునా మైకేల్ టాపింగ్ గురించి చెప్పారు. మద్రాసులో 1794లో సర్వే బడి పెట్టించిన దొర, ఈ తీరాన్ని కొలిచినవాడు, 1796లో బందరులోనే పోయాడు. "ఉంటే మన పుస్తకంలో సంతకం పెట్టేవాడురా" అన్నారు. గొంతు కాస్త జీరపోయింది. సొంత పెదనాన్న పోయినప్పుడు ఇంత బాధపడలేదు ఈయన.

ఇవన్నీ క్షమించాను. మా అమ్మాయి పెళ్ళిలో చేసింది మాత్రం క్షమించలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను. గుడివాడ కల్యాణమండపంలో సామాన్ల గది తాళంచెవి పెద్దవారు కదా అని ఆయన చేతికిచ్చాను. తెల్లారగట్ల వంటమేస్త్రి నూనె కాగబెట్టి, శనగపిండి కోసం నిలబడ్డాడు. తాళంచెవీ లేదు, బావగారూ లేరు. బెజవాడలో ఎవరో కొత్త డబ్బా పెట్టారట, అందరికంటే ముందు పట్టాలని మొదటి బస్సుకి వెళ్ళిపోయారు. నాకు మెసేజ్ ఉంది: 16 డిగ్రీల 26 నిమిషాలు అంటూ మొదలయ్యే ఓ పొడుగాటి అంకెల వరస, దాని కింద "ఇనుము. పచ్చ. మోకాలెత్తు". వియ్యంకుడు కాఫీ కోసం చూస్తుంటే, పట్టుపంచె ఎగగట్టి పెరట్లో ఫోను పట్టుకుని తిరిగాను. పచ్చరంగు జనరేటరు అడుగున, అయస్కాంతం అంటించిన జండూబామ్ డబ్బాలో దొరికింది. లోపల తాళంచెవితో పాటు చిన్న కాగితం, పెన్సిలూ ఉన్నాయి. మధ్యాహ్నం బంతిభోజనాల వేళకి తిరిగొచ్చి, "మొదటివాడివి నువ్వేరా!" అని భుజం తట్టారు.

కాగితం మీద సంతకం పెట్టానా లేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం.

నిన్న రాత్రి అక్కయ్య ఫోను చేసింది. "ఒరేయ్, మీ బావ ఇంటి దస్తావేజులు భద్రంగా పెట్టానని చెప్పి పడుకున్నారురా. అడిగితే ఏవో అంకెలు రాసిచ్చారు. ఆయన్ని కాస్త గట్టిగా చీవాట్లు పెట్టు" అంది.

పెడదామనే అనుకున్నాను. "క్లూ ఏమన్నా ఇచ్చారా అక్కా?" అన్నాను.