బేసిన్ బ్రిడ్జి దాటితే కిబ్బుట్జ్

ఇజ్రాయెల్ ఉమ్మడి పల్లె కిబ్బుట్జ్‌ను చూసొచ్చిన పెద్దమనిషికి ఓ నెల్లాళ్లు నోరు మూతపడదు. భూమి అందరిదట, వంట అందరిదట, ఇసుకలో ఖర్జూరాలు కాయించారట! చంద్రబాబు హయాంలో కుప్పానికి ఇజ్రాయెల్ సేద్యం వచ్చినప్పట్నుంచీ మనవాళ్లకు ఈ పూనకం దిగలేదు. దానికి విమానం టిక్కెట్లు దేనికండీ? చెన్నై సెంట్రల్లో లోకల్ రైలెక్కండి. బేసిన్ బ్రిడ్జి తర్వాతి స్టేషన్ వ్యాసర్పాడి జీవా. అక్కడ దిగితే కిబ్బుట్జే.

ఉమ్మడి భోజనశాల కావాలా? 2013లో మొదలైన సర్కారు క్యాంటీన్ అమ్మ ఉణవగం ఉంది. రూపాయికి ఇడ్లీ, ఐదు రూపాయలకు సాంబారన్నం. అక్కడేమో చాలా కిబ్బుట్జుల్లో పళ్లేనికింతని వసూలు చేయడం 1990ల నాటికే మొదలైంది. ఉమ్మడి ఖజానా కావాలా? దీపావళి చీటీ ఉంది. నెలనెలా కడితే పండక్కి నూనె, పప్పు, పటాసులు. ఇక మెట్రో వాటర్ లారీ మలుపు తిరక్కముందే ప్లాస్టిక్ బిందెలు వరసలో నిలబడి ఉంటాయి, మెడకు ఆనవాలుగా చీరపేలిక కట్టుకుని. మనిషి లేకపోయినా వరస ఆ బిందెదే. పురిటికెళ్లిన కోడలి బిందెను పక్కింటావిడ నింపుతుంది, ఆ రెండిళ్లకూ మాటల్లేని రోజుల్లో కూడా. ఈ రాజ్యాంగం మీద అధ్యయన యాత్రకొచ్చిన మంత్రి ఒక్కడూ లేడు.

చరిత్రంటారా? 1946 అక్టోబరులో, బ్రిటిష్ దొరల అనుమతి లేకుండా, ఒక్క రాత్రిలో నెగెవ్ ఎడారిలో 11 చోట్ల యూదుల గుడిసెలు లేచాయి. వాటిలో ఒకటి హత్జెరిమ్ కిబ్బుట్జ్. ఆ గుడిసెలు పుస్తకాలకెక్కాయి. ఇక ఇక్కడ, 1964లో బర్మా తరిమేస్తే కట్టుబట్టలతో ఓడ దిగిన భారతీయుల్లో కొందరు వ్యాసర్పాడి చేరారు. మిల్లు కూలీలు, వీధులూడ్చే తెలుగువాళ్లు అప్పటికే ఉన్నారు. ఇక్కడ రాత్రికి రాత్రి గుడిసె లేస్తే తెల్లారేసరికి దాని గోడకు నోటీసు ఎక్కుతుంది.

1947లో నెగెవ్‌కు నీళ్లు తీసుకెళ్లడానికి, రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మంటలార్పిన గొట్టాలను కొనితెచ్చి మరీ వేశారు. మనకంత శ్రమ లేదు. గొట్టాలు రోడ్డు కిందే ఉన్నాయి, రావాల్సింది నీళ్లే. 1980లలో కిబ్బుట్జులు అప్పుల్లో మునిగితే సర్కారూ బ్యాంకులూ కలిసి కూర్చుని 1989లో కొంత మాఫీ, కొంత వాయిదా అని ఒప్పందం రాసుకున్నాయి. రక్తం పిండే కందువడ్డీ వ్యాపారితో అలాంటి ఒప్పందానికి వ్యాసర్పాడి మహిళ ఎవర్ని పిలవాలో కాస్త చెప్పండి.

హత్జెరిమ్ 1965లో నెటాఫిమ్ అనే కంపెనీ పెట్టింది, బిందుసేద్యం ప్రపంచానికి అమ్మింది. 2018లో మెక్సికో కంపెనీ ఒకటి అందులో 80 శాతం కొనేసింది. మన పక్కనే బకింగ్‌హామ్ కర్ణాటిక్ మిల్లు ఉండేది. 1918లో మద్రాస్ లేబర్ యూనియన్‌కు ప్రాణం పోసింది ఆ కార్మికులే. 1996లో మిల్లు మూతపడింది, ఆ జాగాలో అపార్ట్‌మెంట్లు లేచాయి. అలాంటి చోట్ల ఈతకొలను ఉమ్మడి, జిమ్ము ఉమ్మడి, కాపలావాడు ఉమ్మడి. పంచుకోవడానికి ఈతకొలను ఉంటే కమ్యూనిటీ, కొళాయి ఒక్కటే ఉంటే మురికివాడ.

చెమట సంగతి కూడా చెప్పాలి. ఇజ్రాయెల్ పొలాల్లో అది చాలావరకు థాయిలాండ్ కూలీలది. ఇక్కడ 2025 ఆగస్టులో చెన్నై కార్పొరేషన్ రెండు మండలాల చెత్తపని ప్రైవేటుకు అప్పగిస్తే, పారిశుద్ధ్య కార్మికులు దాని కార్యాలయం రిపన్ బిల్డింగ్ ముందు 13 రోజులు కూర్చున్నారు. వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. చివరికి అర్ధరాత్రి పోలీసులొచ్చి బస్సులెక్కించారు.

నెగెవ్ ఖాళీ ఎడారి కాదు. బీర్‌షెబాకు ఉత్తరాన అల్ అరాకిబ్ అనే బెడూయిన్ల పల్లె ఉంది. 2010 నుంచి దాన్ని 200 సార్లకు పైగా కూల్చారు. కూల్చినప్పుడల్లా మళ్లీ గుడారం వేసుకుంటారు. వ్యాసర్పాడికి అసలు చుట్టాలు హత్జెరిమ్ వాళ్లు కాదు, వీళ్లు.

మన ప్రభుత్వానిది మరీ అంత కఠిన హృదయం కాదులెండి. గుడిసె తీసేస్తే నగరం దక్షిణపు కొసన పెరుంబాక్కంలో, పళ్లికరణై చిత్తడినేల పక్కన, ఎనిమిది అంతస్తుల మేడలో ఇల్లిస్తుంది. వీధులూడవడానికి తెల్లవారుజామున మళ్లీ ఉత్తరానికి రావడం మాత్రం వాళ్ల సొంత ఖర్చు. లిఫ్టు ఆగిన రోజు బిందె మోయడం కూడా.