కూడు పద్దు

ఉద్యోగం వచ్చాక కూడా తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటూ, తాను తినే తిండికి నెలకింతని లెక్కగట్టి ఇచ్చే సొమ్మును ఇంగ్లండులో 'బోర్డు' అంటారు. ఆ మాటకు మొదటి అర్థం చెక్కబల్ల, అంటే అన్నం పెట్టిన బల్లకు కట్టే రుసుమన్నమాట. నేల మీదే కంచం పెట్టుకొని తినే ఇళ్ళలో బల్ల ఉండదు కనుక రుసుమూ ఉండదని తొందరపడి అనుకోరాదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొయ్యూరు మండలంలో ఆ రుసుము నిక్షేపంగా ఉంది, కాకపోతే దాన్ని పేరు పెట్టి పిలవకూడదు. ఈ కట్టుబాటు నీడలో హాయిగా పెరిగే మనిషిని 'జీతపు కొడుకు' అనవచ్చు. ఇతన్ని పూర్వకాలపు 'జీతగాడి'తో కలపకూడదు: జీతగాడంటే ఏడాదికి ఇంత గింజ అని మాట్లాడుకొని రైతు ఇంట్లో పనికి కుదిరి అక్కడే తినేవాడు, అతనికి జీతమూ కూడూ ఒకే చేతి మీదుగా వచ్చేవి, జీతపు కొడుక్కి జీతం ప్రభుత్వం ఇస్తుంది, కూడు తల్లి పెడుతుంది, పని విషయం మాత్రం ఇద్దరూ గట్టిగా అడగలేరు.

ఇతను సాధారణంగా నర్సీపట్నంలోనో విశాఖపట్నంలోనో డిగ్రీ చదివి, 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఒకదానిలో చేరినవాడై ఉంటాడు. తొలి రోజుల్లో నెలకు 15,000 రూపాయలు వచ్చేటప్పుడు మెడలో వేసుకున్న గుర్తింపు కార్డును అన్నం తినేటప్పుడు కూడా తీయడు. అది పులుసులో మునగకుండా ఎడమ చేత్తో పట్టుకొని తింటాడు. తండ్రి చోడి అంబలి తాగి కొండపోడుకు వెళ్ళిపోయిన రెండు గంటలకు ఇతను లేచి, అంబలి ఒంటికి మంచిదని ఊరందరికీ చెప్పే బాధ్యత తనమీద ఉంది కనుక ఆ మాట తల్లికీ ఒకసారి చెప్పి, తాను మాత్రం ఉప్మా తింటాడు.

ఇంటికి తాను ఎంత ఇస్తున్నాడన్న ప్రశ్నకు ఇతని దగ్గర చాలా పెద్ద పద్దు ఉంటుంది. తండ్రి ఫోను రీఛార్జి, టీవీ ఛార్జీ, గ్యాసు బండ అందులోకి న్యాయంగానే వస్తాయి. మోటారు సైకిలు వాయిదా కూడా ఇంటి ఖర్చు కిందికే వస్తుంది, ఎందుకంటే తల్లి దాని వెనక కూర్చొని రెండుసార్లు వారపు సంతకు వెళ్ళింది. ఆదివారం తెచ్చే బ్రాయిలరు కోడి ఖరీదు మొత్తం పద్దులో పడుతుంది, దానిలో ముప్పాతిక భాగం ఎవరి కంచంలో పడిందన్నది పడదు. పనస, చింతపండు, కందులు, వేసవిలో కాల్చి పెట్టే జీడిపిక్కలు ఇంటి పంట కనుక ధర లేనివని ఇతని సిద్ధాంతం. అవే జీడిపిక్కలను సంతలో అమ్మిన రోజున తండ్రి చేతికి ఎంత వచ్చిందో మాత్రం పైసలతో సహా ఇతనికి తెలుసు.

ఈ పద్దులో ఎక్కడా కనిపించని కాగితం ఒకటుంది. ఏజెన్సీ గ్రామాల్లో రేషను బియ్యం, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ నడిపే డిపోల్లో దొరుకుతుంది. తలకు 5 కిలోల లెక్కన అయిదుగురున్న ఇంటికి నెలకు 25 కిలోలు. అయితే ప్రభుత్వోద్యోగి ఉన్న కుటుంబానికి, పారిశుద్ధ్య కార్మికులను మినహాయిస్తే, బియ్యం కార్డు అర్హత లేదు. ఊళ్ళో వాళ్ళ దరఖాస్తులన్నీ సచివాలయం తెర మీద పరిశీలించి 'అనర్హులు' అన్న మాటను వాళ్ళకు మెత్తగా నచ్చజెప్పే మనిషి, ఒకనాడు ఆ మాట పక్కన తన తండ్రి పేరు చూస్తాడు. కొడుకు జీతం గడపలోకి రాకముందే ఇంటి నుంచి 25 కిలోల బియ్యం వెళ్ళిపోయాయన్నమాట. సూటిగా చెప్పాలంటే ఇతను కట్టవలసిన బోర్డును ప్రభుత్వమే అతని తల్లిదండ్రుల దగ్గర వసూలు చేసుకుంది.

కొన్నాళ్ళకు ఇతనికి మనసు కలుక్కుమని, అయిదు వేలు తెచ్చి "ఇది నా తిండికి" అని తల్లి చేతిలో పెట్టబోతాడు. "ఏటిరా, అన్నానికి లెక్క కడతన్నావా?" అని ఆమె మూడు రోజులు మాట్లాడదు. కూలి లెక్కల గొడవ ఈ కొండలకు కొత్తది కాదు: 1922 మన్యం తిరుగుబాటు కారణాల్లో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి చాలీచాలని కూలి ఇవ్వడం ఒకటని చరిత్రకారులు రాశారు. పొయ్యి దగ్గరి పనికి మాత్రం కూలి అడిగినవారూ లేరు, ఇస్తానన్నవాణ్ణి మెచ్చుకున్నవారూ లేరు. పోషణ లేని తల్లిదండ్రులకు పిల్లల నుంచి భరణం ఇప్పించే 2007 నాటి చట్టం ఉందే గాని, ఉద్యోగస్థుడైన కొడుకుని పోషిస్తున్న తల్లిదండ్రుల సంగతి అందులో లేదు.

నాలుగో రోజున అదే సొమ్మును "ఇంట్లోకి ఉంచు" అని పేరు మార్చి ఇస్తే ఆమె తీసుకుంటుంది, కాని ఖర్చు పెట్టదు. ఆ నోట్లు ఓలి కోసం దాస్తుంది. ఓలి అంటే పెళ్ళిలో మగపెళ్ళివారు పిల్ల తల్లిదండ్రులకు ఇచ్చే సొమ్ము, మైదానపు కట్నానికి తలకిందులుగా నడిచే ఆచారం. అలా తన తిండికి కట్టిన డబ్బు తన పెళ్ళికే చేరుతుందని జీతపు కొడుక్కి తెలియదు.

తెలియని ఇతను కార్డు నుంచి తన పేరు తీయించి ఇంటి బియ్యం ఇంటికి తెప్పించాలని బుద్ధిగా ఆలోచిస్తాడు. జనాభా లెక్కలవాళ్ళకు కుటుంబమంటే ఒకే వంట తినేవాళ్ళు. ఆ వంట వదలడం ఇతని వల్ల అయ్యే పని కాదు, కార్డు విడగొట్టాలంటే పెళ్ళయి వేరు కుంపటి పెట్టడమే దారి. ఆ సంగతి రాత్రి భోజనం దగ్గర నీరసంగా చెబుతాడు. తల్లి ఇంకో గరిటె అన్నం వడ్డించి, డిపో బియ్యం రాక ఖాళీగా పడి ఉన్న డబ్బా మూత తీసి నోట్లు మరోసారి లెక్కపెట్టుకొని, వచ్చే సంతకు దిగే చుట్టాల్లో ఆడపిల్లలున్నవాళ్ళెవరో మొగుణ్ణి అడుగుతుంది.