ఆగ్నేయ గీజరు, వాయవ్య స్నానం

సొంతిల్లు కట్టుకున్నవారిలో ఎన్ని రకాలున్నా, 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయిన జవహర్‌నగర్‌లోను, దాని చుట్టుపక్కల కొత్త కాలనీల్లోను తరచు తారసపడే వేణ్నీళ్ల గృహస్థుది ప్రత్యేక శాఖ. గృహప్రవేశానికి వచ్చిన బంధువులకు పూజగది చూపించడం భార్యకు వదిలి, అతడు వారిని తిన్నగా వెనక స్నానాలగదికి తీసుకుపోయి, నల్లా తిప్పి, ధార కింద అరచెయ్యి పెట్టి, "ఇగ వస్తయ్ చూడు బావా" అంటాడు. నీళ్లు వస్తూనే ఉంటాయి గాని వేడి రాదు. సగం బకెట్టు నిండి అది వచ్చేసరికి బావ బంతిలో కూర్చుని రెండో వాయి పప్పు వడ్డించుకుంటూ ఉంటాడు.

ఈ ఆలస్యానికి మూలం గీజరులో లేదు, ఇంటి ప్లానులో ఉంది. అగ్నితో సంబంధమున్నదేదైనా ఆగ్నేయంలో ఉండాలన్న వాస్తు నియమాన్ని అతడు పొయ్యితో ఆపక, ఇల్లంతటికీ కలిపి కొన్న ఒక్క గీజరుకూ వర్తింపజేశాడు. స్నానాలగది వాయవ్యంలో ఉండాలన్న నియమాన్నీ అంతే నిష్ఠతో పాటించాడు. ఈ రెండూ ఎదురుబొదురు మూలలు కావడంచేత ఏ ప్లాటులోనైనా అంతకు మించిన దూరం దొరకదు. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, అంటే సుమారు 133 గజాల స్థలంలో ఆ కర్ణం 50 అడుగులు. గొట్టం గదులను కోసుకుంటూ పోలేక గోడల వెంబడి తిరుగుతుంది కాబట్టి, హద్దుల దాకా కట్టిన ఇంట్లో (చుట్టూ జాగా వదిలినవారిని వెతకడం వేరే పరిశోధన) అది 70 అడుగులవుతుంది.

నల్లా కట్టేసిన తరువాత ఆ గొట్టంలో నిలిచిపోయిన నీరు చల్లారుతుంది. మరునాడు వేడినీరు రావాలంటే ముందు ఆ చల్లనీరంతా బయటికి పోవాలి. ఎంత పోవాలన్నది గొట్టం లావును బట్టి ఉంటుంది: లోపలి వ్యాసం రెట్టింపైతే పట్టే నీరు నాలుగింతలవుతుంది. వేడినీటికి వాడే సీపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టం అరంగుళానిదైతే 70 అడుగులకు సుమారు రెండున్నర లీటర్లు, అంగుళానిదైతే సుమారు తొమ్మిది లీటర్లు పడుతుంది. "అరంగుళం సరిపోతది సార్" అని ప్లంబర్ మొత్తుకున్నా, లావు గొట్టంలో నీళ్లు ఉరికివస్తాయన్న స్వీయసిద్ధాంతంతో గృహస్థు అంగుళానిదే వేయించాడు.

ఆ తరువాతి చికిత్సలన్నీ గీజరుకే జరిగాయి. ముందుగా థర్మోస్టాట్‌ను, అనగా నీరు ఎంత కాగాక కరెంటు ఆగాలో నిర్ణయించే మీటను, చివరిదాకా తిప్పాడు. నీళ్లు అంతే ఆలస్యంగా, చెయ్యి కాలేటట్టు వచ్చాయి. పదిహేను లీటర్లది తీసి పాతిక లీటర్లది పెట్టించాడు. కరెంటు బిల్లు మాత్రం త్వరగా వచ్చినట్టనిపించింది. ఇల్లాలు ఈ ప్రయోగాల వేటిలోనూ కలగజేసుకోక, అద్దె ఇంటినాటి హీటరు రాడ్డును బకెట్టులో వేసి పిల్లలకు స్నానాలు చేయించి బడికి పంపుతూ, భర్త వదిలేసిన చల్లనీళ్లను బట్టలకు పట్టుకుంటూ వచ్చింది. ఎండాకాలం ట్యాంకరుకు డబ్బులు లెక్కపెట్టేది ఆమే.

నిజానికి ఉపాయాలు లేకపోలేదు. గొట్టానికి నురుగు తొడుగు వేస్తే ఒకరి స్నానానికీ మరొకరి స్నానానికీ మధ్య వేడి నిలుస్తుంది గాని, రాత్రంతా నిలవదు. చల్లారిన నీటిని వేరే గొట్టం గుండా గీజరుకే తిప్పి పంపే చిన్న పంపు ఉంది గాని, దానికోసం కొత్త టైల్సు పగలగొట్టాలి. ఆ మాట ఎత్తినవారితో గృహస్థు మాట్లాడడం మానేస్తాడు. అన్నిటికన్న సులువు స్నానాలగదిలోనే మూడు లీటర్ల ఇన్‌స్టెంట్ గీజరు బిగించడం. వాయవ్యంలో అగ్ని పనికిరాదని అతడు అందుకు చాలాకాలం ఒప్పుకోలేదు. చివరకు ప్రతి గదికీ తనదైన ఆగ్నేయం ఒకటుంటుందని ప్లంబరే దిక్సూచి తీసి చూపించిన మీదట, స్నానాలగది ఆగ్నేయమూలన, తలుపు తీస్తే తగిలేచోట, దాన్ని పెట్టించాడు.