తెల్లగా ఉన్న జాగ

మనవడు హైదరాబాద్ నుంచి వస్తూ లడఖ్ పటం తెచ్చాడు. త్సో మోరిరి సరస్సు దిక్కున స్నేహితులతో కలిసి నడుస్తాడట. గోదావరిఖనిలో తాత ఇంటి గచ్చు మీద దాన్ని పరిచి, మూలలకు స్టీలు గ్లాసులు బరువు పెట్టాడు.

తాత ఓపెన్‌కాస్టు గనిలో సర్వే పని చేసి రిటైరైన మనిషి. లడఖ్ మొహం చూసింది లేదు. రంగులు మాత్రం పాత చుట్టాలే: సర్వే ఆఫ్ ఇండియా పద్ధతిలో సేద్యం పసుపు, అడవి ఆకుపచ్చ, ఊరు ఎరుపు. గోదావరిఖని పడే 56 ఎన్ షీటు నిండా అవే కదా. కళ్లజోడు సర్దుకుని వంగాడు.

"ఈ గోధుమరంగు గీతలు ఒరుసుకుంటున్నయ్ సూడు, అక్కడ నిట్టనిలువు. కాలు పెట్టకుండ్రి. ఎడం జరిగినకాడ సాపు, డేరా ఏసుకోండ్రి. గీతల మొనలు ఎత్తు దిక్కు తిరిగినకాడ వాగు. కని నల్లగ గీసిండు, అంటే ఎండిన వాగు. నీళ్లు మోసుకపోవాలె."

"ఇంత షీటుల పసుపు లేదు, ఎర్ర చుక్క లేదు. మొత్తం తెలుపే! ఎంత ప్యూర్‌గా ఉంది తాతా!"

 

తాత మాట్లాడలేదు. ఆయన కొలువు రోజుల్లో కంప్యూటర్లు లేవు. ట్రేసింగు కాగితం, సిరా. గనుల రెగ్యులేషన్ల లెక్కన ప్లాను మూడు నెలలకు మించి పాతబడకూడదు. క్వారీ ఎంత జరిగితే గీత అంత జరగాలి. పాత గీతను సగం బ్లేడుతో గీకి, కొత్త సిరా పాకకుండా ఆ చోటును బొటనవేలి గోరుతో రుద్దేవాళ్లు. గీకిన జాడ దొరక్కపోతేనే పనిమంతుడు.

ఇప్పుడు ఆ గోరు లడఖ్ తెలుపు మీద మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది.

"ఏంది తాతా, ఏమన్న అంటిందా?"

చాయ్ తెచ్చిన నాయనమ్మ అందుకుంది.

"ఏం అంటలేదు బిడ్డా. ఊరు గీకేసిన జాడ ఉందేమోనని సూస్తుండు. మా తల్లిగారి ఊరు గీకినంక గూడ గట్లనే రుద్దిండు, నున్నగ."