అన్నసత్రము వాకిట ఆకలి

2,920 మెగావాట్ల విద్యుత్తును పుట్టింపగల తాపవిద్యుత్కేంద్రపు పొగగొట్టములు ఆకాశమునకు మసిబొట్టు పెట్టుచుండ, ఆ బూడిదను చొక్కాలమీదను ఊపిరితిత్తులలోను ఊరిపన్నువలె మోయుచున్న చంద్రపూర్ పట్టణమున, వైశాఖపుటెండలో విద్యుత్కారు నడుపువాని యవస్థ చూడదగినదే గాని పడదగినది కాదు. నగరమున 3 కిలోమీటర్ల నిడివి వెడల్పులు గల గడి కొక్కటియు, రహదారుల కిరువైపుల 25 కిలోమీటర్లకొక్కటియు ఛార్జింగు కేంద్రముండవలెనని కేంద్ర విద్యుచ్ఛాఖవారు 2018లోనే సెలవిచ్చిరి; కాగితమునకు బ్యాటరీ అక్కఱలేదు గనుక ఆ యుత్తరువునకు దారిలో ఆగవలసిన పని పడలేదు.

మాకు పడినది. ఆసిఫాబాదు నుండి రాజురా మీదుగా వచ్చి, 9 శాతము ప్రాణముతో నేను చేరిన మొదటి ఛార్జరు ఫోనులో పచ్చచుక్కయై వెలుగుచుండెను. ఎదుట మాత్రము దాని గన్ను దుమ్ములో బోర్లపడి, తెర నల్లబడి యుండెను. రెండవదానికడ ముగ్గురు మాకంటె ముందే కాచుకొనియుండిరి. గన్ను తగిలించుకొన్న పెద్దమనిషి, 80 శాతము దాటినపిమ్మట ప్రవాహము మందగించునని యెఱిగియు, పెండ్లిపంక్తిలో లేవకుండ మూడవమారు పెరుగన్నమడుగు బంధువువలె, నూటికై పట్టుపట్టి కూర్చుండెను. (ఏసీ సైతము వేసికొనెను.)

రెండుగంటలకు మావంతు వచ్చెను. గన్ను గ్రుచ్చితినో లేదో యంత్రము మూగవోయినది.

"కరెంటు పోయింది సార్, ఒక గంటల వస్తది" అనెను కావలివాడు, తాపవిద్యుత్కేంద్రపు పొగవంక విసనకఱ్ఱ చూపుచు.