పప్పెటయ్య పద్యమునకు టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

చేతిలోని ఫైలు చెక్కుసమ్మును గాంచు
పోలెనేని మరలఁ బూని తేకు
తేడ వచ్చెనేనిఁ దెచ్చి నిల్పుము చాలు
వట్టి మోత యేల పప్పెటయ్య

ప్రతిపదార్థం: పప్పెటయ్య = సర్వర్లను ఒక్క తీరున నిలుపుటకై 2005లో పుట్టిన ఓ పప్పెట్టూ!; చేతిలోని ఫైలు = డిస్కుపై ఇదివరకే ఉన్న ఫైలుయొక్క; చెక్కుసమ్మును = ఒక్క బిట్టు మారినా తానూ మారిపోవు సంఖ్యను (7వ వెర్షను నుండి ఎస్‌హెచ్‌ఏ-256, అంతకుముందు ఎండీ5); కాంచు = లెక్కగట్టి చూడుము; పోలెనేని = సర్వరు చెప్పినదానితో సరిపోయినచో; మరలన్ = తిరిగి; పూని తేకు = డౌన్‌లోడునకు దిగకుము; తేడ వచ్చెనేనిన్ = భేదించినచో; తెచ్చి నిల్పుము = తెచ్చి పాతదాని చోట ఉంచుము; చాలు = అంతకుమించి వలదు; వట్టి మోత = ఫలము లేని మోత; ఏల = ఎందుకయ్యా?

తాత్పర్యం: ప్రతి సర్వరులోని పప్పెట్టు ఏజెంటు మామూలుగా 30 నిమిషాలకొకసారి మేలుకొనును, అనగా రోజుకు 48 మార్లు. 100 ఎంబీల ఫైలును 200 సర్వర్లు ప్రతిసారీ దించుకొన్నచో రోజుకు 960 జీబీలు. ఇంత మోసి తెలుసుకొన్నదేమనగా, ఏమియు మారలేదని!

ఆక్షేపం: పప్పెట్టు తన సర్వరు ఫైళ్లను పోల్చియే తెచ్చును గదా, ఈ ఉపదేశమెవరికి?
సమాధానం: ఆదేశమును నడుపు ఎగ్జెక్‌లో, ఫైలు దించు డబ్ల్యూగెట్ వ్రాసి, క్రియేట్స్, అన్‌లెస్ వంటి షరతులు మరచినవారికి. షరతు లేని ఎగ్జెక్ ప్రతి రన్నులోనూ నడచును. క్రియేట్స్ సైతం ఫైలున్నదా యనియే చూచును. లోపలి సరుకు దానికి పట్టదు. కావున అన్‌లెస్‌లో చెక్‌సమ్ పోల్చుటయే ఉత్తమ పక్షము.

మరొక ఆక్షేపం: వేయి ఫైళ్లకు వేయి మార్లు సర్వరును అడుగుటయు భారమే గదా?
సమాధానం: ఔను. అందుకే 2016లో 4.4వ వెర్షను స్టాటిక్ క్యాటలాగును (ఏజెంటుకు సర్వరు పంపు ఆజ్ఞల పట్టికలో ఒక తీరును) తెచ్చెను. అందు చెక్‌సమ్‌లు క్యాటలాగుతోనే వచ్చును. ఒక్కొక్క ఫైలుకై అడుగ బని లేదు.

పాఠాంతరం: పప్పెట్టు వంటిదే యైన ఆన్సిబుల్ శాఖవారి, ఫైలు దించు గెట్-యూఆర్‌ఎల్ కూడ, చెక్‌సమ్ ఇచ్చినచో, సరిపోయిన ఫైలు జోలికి పోదు. కొన్ని ప్రతులలో కనబడు ‘ఫోర్స్: ట్రూ’ తొందరపడిన లేఖకుల ప్రక్షిప్తము, అది చేరెనా, చెక్‌సమ్ ఉన్నను మోత తప్పదు.

ఫలశ్రుతి: పద్యమును కంఠస్థము చేయనక్కరలేదు. మీ పప్పెట్టు మ్యానిఫెస్టులలో డబ్ల్యూగెట్ అని వెదకి, కనబడిన ప్రతిచోట షరతు పెట్టుడు, చాలును.